ఫిట్స్ ఆగని బిడ్డ ఉన్న ఇంట్లో ఇద్దరూ ఒకేసారి కాపలా కాయకండి

తమ్ముడూ, మీరు అడిగింది ఇది: పాపకు నాలుగేళ్లు, డ్రావె సిండ్రోమ్ (పసితనంలోనే మొదలయ్యే, మందులకు తేలిగ్గా లొంగని మూర్ఛ జబ్బు) అని తేలింది, మూడు మందులు వాడుతున్నా ఫిట్స్ ఆగట్లేదు. మీ ఆవిడ రాత్రిళ్లు పడుకోవట్లేదు. మీరు ఏదైనా చెయ్యబోతే చెయ్యనివ్వట్లేదు, ఊరుకుంటే పట్టించుకోవట్లేదంటోంది. బెంగళూరు మారతహళ్లిలో మీ ముగ్గురే ఉంటారు, మీ అమ్మగారు అప్పుడప్పుడూ వచ్చి వెళ్తుంటారు. ఒకరికొకరం ఎలా ఆసరాగా ఉండాలో తెలియట్లేదు, ఇలాగే సాగితే విడిపోతామేమోనని భయంగా ఉంది అని రాశారు.

సూటిగా చెప్తాను. ముందు ఆమెకు నిద్ర ఇవ్వండి. ఓదార్పు మాటలు తర్వాత. రోజుకు కనీసం ఐదారు గంటలు పాప పూర్తిగా మీ చేతిలో ఉండాలి, ఆమె వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. ఆ తర్వాత మీకూ అంతే నిద్ర. ఇద్దరూ ఒకేసారి మేలుకుని ఒకే బిడ్డను చూస్తూ కూర్చుంటే కొన్నాళ్లకు ఇద్దరికీ ఓపిక అయిపోతుంది, అప్పుడు వచ్చే గొడవలన్నీ చిన్నచిన్న విషయాల మీదే వస్తాయి, గ్లాసు ఇక్కడెందుకు పెట్టావ్ దగ్గర మొదలై మీ పుట్టింటివాళ్ల దాకా వెళ్తాయి.

నా సంగతి: మాది అనంతపురం వైపు, జాలహళ్లిలో ఉంటున్నాం, మా ఆయనది పీణ్యలో షిఫ్టు డ్యూటీ. మా బాబుకిప్పుడు పదిహేనేళ్లు. ఏడాది నిండకముందే ఇన్‌ఫెంటైల్ స్పాజమ్స్ అనే పసిపిల్లల ఫిట్స్‌తో మొదలై తర్వాత లెనాక్స్ గాస్టో సిండ్రోమ్ అనే మొండి మూర్ఛగా మారింది, నిలబడినవాడు నిలబడినట్టే పడిపోయే రకం, ఇప్పటికీ హెల్మెట్ పెట్టుకునే తిరుగుతాడు. ఇక్కడి నరాల, మానసిక జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు మన వైపు నుంచి చాలామంది వస్తారు కదా, అక్కడ బయట బెంచీల మీద పరిచయమైన తెలుగు కుటుంబాలతో ఏళ్లుగా మాట్లాడుతున్నాను. నేను డాక్టర్ని కాదు. మందు, మోతాదు మీ న్యూరాలజిస్టు మాటే. ఇల్లు ఎలా నడపాలన్నది మాత్రం నాకు తెలుసు.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. సరిగ్గా ఎంచి, సరైన మోతాదులో వాడిన రెండు మందులకూ ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు, 2010లో అంతర్జాతీయ మూర్ఛ నిపుణుల సంఘం ఇచ్చిన నిర్వచనం ఇది. మూర్ఛ ఉన్న ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరిది ఇలాంటిదే. మూడో మందు, నాలుగో మందు, కొవ్వు ఎక్కువగా పెట్టే కీటో డైట్ వీటితో ఫిట్స్ తగ్గే పిల్లలు ఉన్నారు, ఆ ప్రయత్నం వదలొద్దు. కానీ "వచ్చే నెలకు తగ్గిపోతుంది, అప్పటిదాకా ఎలాగోలా ఓర్చుకుందాం" అనే లెక్క మీద సంసారం నడపకండి. ఏళ్ల తరబడి నడవగలిగేలా ఏర్పాటు చేసుకోండి.

ఇక రాత్రి సంగతి. మీ ఆవిడ ఎందుకు పడుకోవట్లేదో మీకు చెప్పి ఉండకపోవచ్చు, నేను చెప్తాను. ఆమె సుడెప్ గురించి చదివింది. మూర్ఛ ఉన్నవాళ్లు వేరే కారణమేదీ కనిపించకుండా హఠాత్తుగా, ఎక్కువగా నిద్రలో చనిపోవడాన్ని అలా అంటారు. 2017లో అమెరికా న్యూరాలజీ సంఘాలు ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం మూర్ఛ ఉన్న పిల్లల్లో ఏడాదికి సుమారు 4,500 మందిలో ఒకరికి ఇలా జరుగుతుంది. డ్రావె ఉన్న పిల్లల్లో ముప్పు ఇంతకంటే ఎక్కువ. కాబట్టి దయచేసి "ఊరికే భయపడుతున్నావ్" అనకండి. ఆమె భయానికి కారణం ఉంది. రాత్రిపూట పెద్ద ఫిట్స్ వచ్చే పిల్లల దగ్గర ఎవరో ఒకరు ఉండటం, లేదా శబ్దం వినిపించే పరికరం పెట్టుకోవడం మేలు చెయ్యవచ్చని ఆ మార్గదర్శకంలోనే ఉంది. కావాల్సింది ఎవరో ఒకరు. ఆ ఒకరు ప్రతి రాత్రీ ఆమే కానక్కర్లేదు.

మీకు అమెరికా వాళ్లతో కాల్స్ ఉంటాయని రాశారు, ఎలాగూ పన్నెండున్నర దాకా మేలుకునే ఉంటారు. అయితే రాత్రి తొమ్మిది నుంచి రెండున్నర దాకా మీ వంతు తీసుకోండి. పాప మంచం మీ ల్యాప్‌టాప్ ఉన్న గదిలోకి మార్చండి. కాల్ మధ్యలో లేవాల్సి వస్తే లేచి వెళ్తానని మేనేజర్‌కు ముందే చెప్పి పెట్టండి, దాచి ఉంచితే ఒకరోజు కాల్‌లో ఉండి పాప దగ్గరికి లేవలేని పరిస్థితి వస్తుంది. రెండున్నర నుంచి ఆమె. సెలవు రోజుల్లో అటూ ఇటూ మార్చుకోవచ్చు. మా ఇంట్లో మా ఆయన షిఫ్టును బట్టి వారానికోసారి టైములు మారతాయి, క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకుంటాం.

వంతు అన్నాక అది పూర్తిగా వంతే అవ్వాలి. మీ వంతులో ఫిట్ వస్తే మీరే చూడాలి, ఆమెను లేపకూడదు. ఎప్పుడు లేపాలో ముందే ఒప్పందం ఉండాలి. మేం పెట్టుకున్నది: ఫిట్ ఆపే ముక్కు స్ప్రే వాడాల్సి వస్తే లేపడం, లేకపోతే లేదు. పొద్దున్నే "రాత్రి ఒకటిన్నరకు వచ్చింది, రెండు నిమిషాలు, ఎడమవైపు తల తిరిగింది, తర్వాత పడుకున్నాడు" అని చెప్పడం. ఆ నాలుగు ముక్కలు చక్కగా చెప్తే చాలు, మిమ్మల్ని నమ్మి పడుకోవచ్చని ఆమెకు కొన్నాళ్లకు తెలుస్తుంది.

చెయ్యనివ్వట్లేదన్నారు కదా, దాని గురించి. చాలా ఇళ్లలో తండ్రి ఫిట్‌ను మొదటి నుంచి చివరిదాకా ఒంటరిగా చూసి ఉండడు, ఫోన్ వస్తే పరుగెత్తుకొస్తాడు, వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. తల్లి దృష్టిలో అతనికి ఇంకా పని రాదు. ఆమె పక్కనే కూర్చుని, చెయ్యి కూడా పెట్టకుండా, మీరొక్కరే రెండు మూడు సార్లు పూర్తిగా చేయాలి: పాపను పక్కకు తిప్పడం, తల కింద మెత్తటిది పెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గడియారం చూడటం. ఐదు నిమిషాలు దాటితే, లేదా మీ డాక్టరు ఇంకా ముందే అని రాసి ఉంటే ఆ టైముకు, ముక్కులో మిడజోలామ్ స్ప్రే. ఎన్ని సార్లు కొట్టాలన్నది బరువును బట్టి ఉంటుంది, పాప బరువు పెరుగుతుంటే ఆ లెక్క మారుతుంది, ప్రతి విజిట్‌లో అడగండి. ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాగులో, రెండింటి ఎక్స్‌పైరీ తేదీ మీ బాధ్యత.

ఇదంతా ఒక కాగితం మీద డాక్టరు చేత రాయించుకోండి. మీ విషయంలో ఆ కాగితానికి ఇంకో పని ఉంది. డ్రావె ఉన్న పిల్లలకు ఫెనిటాయిన్, కార్బమాజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్, లామోట్రిజిన్ లాంటి సోడియం ఛానల్ మందులు ఫిట్స్‌ను పెంచవచ్చు. అర్ధరాత్రి ఏ ఎమర్జెన్సీకో తీసుకెళ్తే అక్కడి డ్యూటీ డాక్టరుకు పాప సంగతి తెలియదు, ఫిట్స్ అనగానే ఫెనిటాయిన్ పెట్టడం మామూలే. ఏది వద్దో, దాని బదులు ఏది పెట్టాలో మీ న్యూరాలజిస్టు సంతకంతో ఉన్న కాగితం ఇద్దరి పర్సుల్లో, ఇద్దరి ఫోన్లలో ఉండాలి. అవుటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం ఏడింటికి అంబులెన్సు ఎంత కదులుతుందో మీకు తెలుసు, కాబట్టి పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రి దగ్గరలో ఏదో ముందే వెళ్లి చూసి పెట్టుకోండి. ఆ పని మీరు ఒక్కరే చేసి వచ్చి ఆమెకు చెప్పండి. ఆసరా అంటే నా లెక్కలో ఇదే, ఆమె ఆలోచించాల్సిన పనుల్లో ఒకటి ఇక ఆమె ఆలోచించనక్కర్లేకుండా చెయ్యడం. "ఏమైనా సాయం కావాలా" అని అడిగితే పని ఏదో వెతికి చెప్పే భారం మళ్లీ ఆమెదే.

రెండో పెద్ద సంగతి, తప్పెవరిదన్న మాట. మీరు రాయలేదు కానీ మీ ఇంట్లో ఇది నడుస్తుంటుందని అనుకుంటున్నాను, ఎందుకంటే ఈ జబ్బు ఉన్న ప్రతి ఇంట్లోనూ నేను విన్నాను. వాళ్ల వైపు ఎవరికో ఉందట, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందట, టీకా వేయించిన రోజే మొదలైందట. డ్రావెలో ఎక్కువమందికి కారణం ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో మార్పు. చాలావరకు అది బిడ్డలో కొత్తగా వచ్చిందే, తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చింది కాదు. టీకా సంగతి కూడా అంతే. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు టీకా వల్లే మెదడు దెబ్బతిందని అనుకున్న 14 మందిని పరీక్షిస్తే 11 మందిలో ఈ జన్యువు మార్పే కనిపించింది. టీకా తర్వాత వచ్చే జ్వరం మొదటి ఫిట్‌ను తెచ్చి ఉండవచ్చు, జబ్బు మాత్రం అప్పటికే ఉంది. ఆ రోజు పాపను టీకాకు ఎత్తుకెళ్లింది మీరైనా ఆమైనా, ఆ బరువు దింపేసుకోండి. మీకు రెండో బిడ్డ ఆలోచన ఉంటే మాత్రం ఇద్దరూ జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి, అరుదుగా తల్లిదండ్రుల్లో ఒకరి కొన్ని కణాల్లో ఆ మార్పు దాగి ఉండే వీలుంది, అది పరీక్షలు చూసిన వాళ్లే చెప్పాలి.

మీ అమ్మగారి దగ్గర ఈ మాట చెప్పాల్సింది మీరు. మీ ఆవిడ చెప్తే అది అత్తా కోడళ్ల గొడవ అవుతుంది. నాకు తెలిసిన హిందూపురం జంట ఒకటి ఉంది, వాళ్ల పాపకు కూడా ఇదే జబ్బు. నాయనమ్మ వచ్చినప్పుడల్లా ఆదివారం నూనె పెట్టి పొగలు కక్కే నీళ్లతో తలంటు పోసేది, ప్రేమతోనే. డ్రావెలో ఒళ్లు వేడెక్కితే ఫిట్ వస్తుంది, జ్వరమైనా వేడినీళ్లైనా ఎండైనా. కోడలు వద్దంటే "నీళ్లు పోయడం కూడా నాకు నేర్పుతావా" అని ఇల్లంతా ఏడుపులు. చివరికి కొడుకు వాళ్లమ్మను డాక్టరు గదిలోకి తీసుకెళ్లి డాక్టరు చేతే చెప్పించాడు. అప్పటి నుంచి ఆవిడే మోచేత్తో నీళ్లు చూసి గోరువెచ్చగా పోస్తుంది, పక్కింటివాళ్లకు కూడా చెప్తుంది. చేతిలో తాళాలు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ, తాయెత్తు, ఇవన్నీ కూడా మీ వైపువాళ్ల నుంచి వస్తే మీరు ఆపాలి, ఆమె వైపు నుంచి వస్తే ఆమె. తాయెత్తు కట్టి మందు మానమనకపోతే నేనైతే కట్టనిస్తాను, అక్కడ శక్తి ఖర్చుపెట్టను. ఎండాకాలం ఊరికి వెళ్లే విషయంలో మాత్రం మెత్తబడొద్దు. మే నెలలో కడపలో పెళ్లి అంటే మీరొక్కరే వెళ్లి రండి, పాపా వాళ్లమ్మా బెంగళూరులోనే ఉంటారని ఫోన్ చేసి చెప్పే పని కూడా మీదే.

"ఎవరికీ చెప్పొద్దు, రేపు ఆడపిల్ల పెళ్లి" అనే మాట కూడా వస్తుంది. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చూపే మాటను 1999లోనే తీసేశారు. ఆ పాప పెళ్లి సంగతి ఇప్పుడు ఎందుకు గానీ, పక్క ఫ్లాటువాళ్లకు, కింద సెక్యూరిటీ అతనికి చెప్పి ఉంచితే మీరు ఆఫీసులో ఉన్నప్పుడు మీ ఆవిడకు ఒక మనిషి తోడు దొరుకుతాడు. దాచుకున్న ఇంట్లో ఆమె ఒక్కతే అయిపోతుంది.

కొన్ని గొడవలు అసలు గొడవలే కావు, మందుల వల్ల వచ్చినవి. లెవెటిరాసిటమ్ అనే ఫిట్స్ మందు వాడే కొందరు పిల్లల్లో కోపం, మొండితనం బాగా పెరుగుతాయి. "నువ్వే గారం చేసి చెడగొట్టావ్", "నువ్వు ఇంట్లో ఉండవు కాబట్టి నీకు తెలియదు" అని వాదించుకునే ముందు, ఆ ప్రవర్తన ఏ మందు మొదలుపెట్టాక వచ్చిందో తేదీలు చూడండి. వైట్‌ఫీల్డ్‌లో ఒక జంట దీని మీదే నెలల తరబడి మాట్లాడుకోలేదు, డాక్టరు మందు మార్చాక పిల్లాడు మామూలుగా అయ్యాడు. తేదీలు చూపించి డాక్టరును అడగండి, మీ అంతట మీరు మాత్రం ఏ మందూ ఆపొద్దు, ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

"అది ఫిట్", "కాదు, ఉలిక్కిపడింది" అన్న వాదన కూడా వదిలేయండి. ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి, వాళ్లకూ అదే కావాలి. డైరీ ఒక్కటే ఉండాలి, ఇద్దరూ అందులోనే రాయాలి. మందు ఇచ్చినవాళ్లు ఫ్రిజ్ మీద కాగితంలో టిక్ పెట్టాలి, లేకపోతే ఇద్దరూ ఇవ్వడమో, ఇద్దరూ మర్చిపోవడమో జరుగుతుంది. వాంతి చేసుకుంటే మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది కూడా డాక్టరును అడిగి ఆ కాగితం మీదే రాసిపెట్టండి, అర్ధరాత్రి ఒకరు ఇద్దామని ఒకరు వద్దని నిలబడకుండా.

ఒక మాట మీకు ప్రత్యేకంగా. "ఏం కాదులే, తగ్గిపోతుంది" అని మీరు ధైర్యం కోసం అంటుంటారు. ఆమెకు అది "ఈ బాధలో నువ్వొక్కదానివే" అన్నట్టు వినిపిస్తుంది. నాకు అలాగే వినిపించేది, నాతో మాట్లాడిన తల్లుల్లో చాలామందికి కూడా. మీకూ భయంగా ఉందని నాకు రాశారు కదా, ఆ ముక్కే ఆమెకు చెప్పండి. మగవాళ్లు ఇంట్లో చెప్పకుండా బండి ఎక్కాక సిగ్నల్ దగ్గర ఏడుస్తారు, మా ఆయన చెప్పాడు, చాలా ఏళ్ల తర్వాత. అది నాకు ముందే తెలిసి ఉంటే నేను ఇంకొంచెం తేలిగ్గా ఊపిరి పీల్చుకునేదాన్ని. ఒక్క షరతు, ఫిట్ వచ్చిన రాత్రి ఏ చర్చా పెట్టకండి. ఎందుకొచ్చింది, మందు లేటయిందా, ఎవరు చూడలేదు, ఏదీ వద్దు. మర్నాడు ఇద్దరూ తిన్నాక మాట్లాడుకోండి.

పెద్ద నిర్ణయాలకు ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లండి, సెలవు పెట్టయినా సరే. ముఖ్యంగా కీటో డైట్ అంటే. అన్నం, ఇడ్లీ, పండ్లు దాదాపు ఉండవు, కొవ్వే ఎక్కువ, గ్రాముల్లో తూచి పెట్టాలి, చక్కెర ఉన్న సిరప్‌లు కూడా చూసుకోవాలి. కొందరు పిల్లలకు చాలా బాగా పనిచేస్తుంది. కానీ ఒకరు తూస్తుంటే ఇంకొకరు జాలిపడి బిస్కెట్ ముక్క పెట్టే ఇంట్లో అది నడవదు, ఇద్దరూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి.

మీ ఇద్దరే ఒకరికొకరు సరిపోరు, ఇది కూడా చెప్పాలి. అలసిపోయిన ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఎంతని మోస్తారు. ఆమెకు ఇలాంటి బిడ్డ ఉన్న ఇంకో తల్లి, మీకు ఇంకో తండ్రి కావాలి, ఫోన్ చేస్తే ముందు కథంతా చెప్పనక్కర్లేని మనిషి. మీ న్యూరాలజిస్టును అడిగితే ఒప్పుకున్న కుటుంబాలను కలుపుతారు, ఇండియన్ ఎపిలెప్సీ అసోసియేషన్‌కు బెంగళూరు శాఖ కూడా ఉంది. నిమ్హాన్స్‌లో సోషల్ వర్కర్లు ఉంటారు. డిజెబిలిటీ సర్టిఫికెట్, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు, పాపకు ఎదుగుదలలో వెనకబాటు ఉంటే నిరామయ ఆరోగ్య బీమా లాంటివి వాళ్లను అడగండి, ఆ తిరుగుడు మీరు పెట్టుకోండి. బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వాళ్ల సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ ఉంది, జబ్బు అని పేరు పెట్టకుండా మామూలు మనుషుల ఒత్తిడికి కౌన్సెలింగ్ ఇస్తారు, జంటగా వెళ్లవచ్చు. వెళ్లే తీరిక లేకపోతే ఫోన్‌లో కౌన్సెలింగ్ ఇచ్చే టెలీ మానస్, 14416, ఏ వేళైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మీ ఆవిడకు నిద్రపోయే వీలు ఇచ్చాక కూడా నిద్ర పట్టట్లేదంటే, తిండి మానేస్తే, ఏ మాటకూ స్పందన లేకపోతే, "నేను పోతే బాగుండు" లాంటి మాట ఒక్కసారి వచ్చినా, ఇవేవీ ఆగి చూసే విషయాలు కావు. అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి, ఆమెను ఒంటరిగా ఉంచొద్దు. మీ విషయంలోనూ అంతే, మద్యం తాగడం పెరిగినా, ఇంటికి రాబుద్ధి కాకపోయినా ఎవరితోనైనా చెప్పండి.

వచ్చే అపాయింట్‌మెంట్‌కు వెళ్లే ముందు ఇద్దరూ కూర్చుని మూడు ప్రశ్నలు రాసుకోండి: ఒకటి, ఏ టైముకు ఎన్ని సార్లు స్ప్రే; రెండు, ఎమర్జెన్సీలో ఏ మందులు వద్దు; మూడు, రాత్రి పాప పక్కన ఎలాంటి ఏర్పాటు చాలు. మూడోది ఆమె ముందే అడగండి, జవాబు ఆమె నేరుగా డాక్టరు నోటి నుంచే వినాలి. ఆ రాత్రి నుంచే తొమ్మిదింటి వంతు మొదలుపెట్టండి, మొదట్లో ఆమె రెండు మూడు సార్లు లేచి వచ్చి తలుపు దగ్గర నుంచి చూస్తుంది, చూడనివ్వండి.